చీటీ మీద మన ఊరు

గుత్తి పేరుతో ప్రపంచమంతా తిరిగిన నీలి సాలీడు, ‘సైబీరియా కొంగ’ అనిపించుకుంటున్న వీరాపురం పక్షి, ‘బంజరు’ అని రాసిపెట్టిన గడ్డిలో తోడేలు... అనంతపురం పీఠభూమి జీవులకు తప్పు చిరునామాలే ఎక్కువ. వాటికి సరైన చీటీ రాసిపెట్టే ఒక ఇల్లు ఈ నేలకు కావాలి.

లండన్‌లో నేచురల్ హిస్టరీ మ్యూజియం ఉంది. కోట్ల కొద్దీ జీవుల నమూనాలు అక్కడ సీసాల్లో, సొరుగుల్లో, పెట్టెల్లో నిద్రపోతుంటాయి. ప్రతి నమూనాకూ ఒక చీటీ ఉంటుంది. పేరు, దొరికిన చోటు, దొరికిన కాలం అందులో రాసి ఉంటాయి. ఆ చీటీ పోతే, సీసాలో మిగిలేది ఒక చచ్చిన పురుగు. చీటీ ఉంటే అదే ఒక సాక్ష్యం.

1899లో ఆ మ్యూజియంలో పనిచేస్తున్న రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్ అనే శాస్త్రవేత్త, భారతదేశం నుంచి వచ్చిన ఒకే ఒక్క సాలీడును పరీక్షించి, ఇది లోకానికి కొత్తదని తేల్చాడు. పీసిలోథేరియా మెటాలికా అని పేరు పెట్టాడు. మెటాలికా అంటే లోహంలా మెరిసేది అని అర్థం. దొరికిన చోటు దగ్గర రాసిన ఊరు గుత్తి.

గుత్తి అంటే మనకు కొండ మీద కోట, కింద రైల్వే జంక్షన్. సాలెపురుగుల్ని ప్రేమించే వాళ్లకు మాత్రం ప్రపంచంలో ఏ మూల ఉన్నా ‘గూటీ’ అంటే మిరుమిట్లు గొలిపే నీలం. అమెరికాలో, ఐరోపాలో అద్దాల పెట్టెల్లో ఇది తరాలుగా పిల్లల్ని పెడుతోంది. మన అనంతపురంలో ఏ బడిలోనైనా అడిగి చూడండి. గుత్తి పేరున్న ఒక ప్రాణిని ప్రపంచం ఇంత అపురూపంగా చూస్తోందని విన్న పిల్లలు ఎంతమంది ఉంటారు?

కట్టెల వెంట వచ్చిన చుట్టం

అరచేతికి మించి కాళ్లు చాపే సాలీడు ఇది. కాళ్ల మీద, ఒంటి మీద నీలం, మధ్యలో పసుపు మచ్చలు, తెల్లని గీతలు. ఆ నీలం రంగు పూసినది కాదు. దాని వెంట్రుకల్లో కంటికి అందనంత సన్నని పొరలున్నాయి. వాటి మీద పడిన వెలుగులో నీలం ఒక్కటే మన కంటికి తిరిగొస్తుంది. నెమలి పింఛంలోని మెరుపుకీ మూలం ఇలాంటి అమరికే. ఎత్తైన ముసలి చెట్ల తొర్రల్లో గూడు అల్లుకుని, రాత్రిపూట బయటికొచ్చి ఎగిరే పురుగుల్ని పట్టి తింటుంది. ఆడది పది పన్నెండేళ్లు బతుకుతుంది. మగదానికి మూడు నాలుగేళ్లే ఆయుష్షు.

ఎత్తైన ముసలి చెట్లు అన్నానా, చిక్కంతా అక్కడే ఉంది. గుత్తి చుట్టూ అలాంటి అడవి ఎక్కడుంది? పోకాక్‌కు చేరిన సాలీడు దొరికింది గుత్తిలోని రైల్వే కట్టెల యార్డులో. ఎక్కడో నరికిన మానుల తొర్రలో కూర్చుని, రైలెక్కి వచ్చి, గుత్తిలో దిగిన చుట్టం అది. చీటీ రాసినవాళ్లు దిగిన స్టేషన్ పేరు రాశారు. ఎక్కిన స్టేషన్ ఎవరికీ తెలియలేదు.

ఆ తర్వాత 102 ఏళ్లు దాని జాడే లేదు. 2001లో నల్లమలలో, నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో అది మళ్లీ కనిపించింది. గుత్తికి దాదాపు వంద కిలోమీటర్ల దూరం. దాని అసలు ఇల్లు అదే. వంద చదరపు కిలోమీటర్లు కూడా లేని చిన్న చోటు, అందులోనూ కలపకీ వంటచెరకుకీ నరుకుడు పడుతున్న అడవి. 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీన్ని తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో చేర్చింది. అద్దాల పెట్టెల్లో వేలుగా ఉన్న ప్రాణికి, సొంత అడవిలో తొర్ర కరువైంది.

చీటీ తప్పే. కానీ ఆ తప్పు చీటీ అయినా లేకపోతే నూరేళ్ల తర్వాత దీనికోసం వెతకాలని ఎవరికి తోచేది? గుత్తి అన్న ఆ ఒక్క మాట పట్టుకునే వెతుకులాట రైలు పట్టాల వెంట నల్లమల దాకా పోయింది.

ఒక గుడ్డు చెప్పిన నిజం

కలివికోడి కథ కూడా ఇలాంటిదే. దీన్ని 1848లో వైద్యుడూ ప్రకృతి శాస్త్రవేత్తా అయిన థామస్ జెర్డన్ లోకానికి చూపించాడు. కలివి పొదల మధ్య రాత్రిపూట తిరిగే పక్షి కాబట్టి మనవాళ్లు కలివికోడి అన్నారు. 1900లో హోవర్డ్ క్యాంప్‌బెల్ పెన్నా లోయలో అనంతపురం దగ్గర దీన్ని చూసినట్టు రాశాడు. ఆ తర్వాత 86 ఏళ్లు ఎవరి కంటా పడలేదు. ఇక లేదనే అందరూ అనుకున్నారు.

1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ కృషితో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర ఇది మళ్లీ వెలుగులోకి వచ్చింది. చీకట్లో పొదల మధ్య తిరిగే ఆ పక్షిని పట్టుకున్నది ఆ ఊరి వేటగాడే. పట్టిన పక్షి బతకలేదు. కానీ దానివల్లే లంకమల కొండలకు 1988లో అభయారణ్యం హోదా వచ్చింది. దాని ఇంటి మీదుగా పోవాల్సిన తెలుగుగంగ కాలువ దారి కూడా తర్వాత మళ్లింది.

ఈ కథలో నాకు బాగా నచ్చిన ఘట్టం స్కాట్లండ్‌లో జరిగింది. అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఒక సొరుగులో పక్షి గుడ్డు ఒకటుంది. 1917లో కోలారు బంగారు గనుల దగ్గర పశువైద్యుడిగా పనిచేసిన ఎర్నెస్ట్ మీటన్ సేకరించిన గుడ్డు అది. కలివికోడి గుడ్డు ఎలా ఉంటుందో అప్పటికి లోకంలో ఎవరికీ తెలియదు. ఆ గుడ్డు పెంకు లోపలి డీఎన్‌ఏను, బ్రిటన్ మ్యూజియంలో దాచిన పాత కలివికోడి కాలి ముక్కలోని డీఎన్‌ఏతో పోల్చి చూశారు. సరిపోయింది. 2013లో ఆ విషయం లోకానికి తెలిసింది.

దాదాపు నూరేళ్ల కిందట ఎవరో శ్రద్ధగా దాచిపెట్టి చీటీ రాసిన గుడ్డు, కలివికోడి ఒకప్పుడు కోలారు దాకా బతికిందని చెప్పింది. కడప, అనంతపురం, కోలారు... ఈ ముళ్లపొదల పీఠభూమి అంతా దాని ఇల్లే. సేకరణలు ఎందుకు అని అడిగేవారికి ఇంతకంటే మంచి జవాబు నాకు తెలియదు.

సైబీరియా కాదు, చిలమత్తూరే

ఇప్పుడు చచ్చినవాటిని వదిలి బతికున్నవాటి దగ్గరికి వెళ్దాం. చిలమత్తూరు మండలం వీరాపురం. ఏటా చలి తగ్గే వేళకు ఈ ఊరి చింతచెట్ల మీద పెద్ద పెద్ద కొంగలు దిగుతాయి. పసుపు ముక్కు, ముఖం మీద నారింజ రంగు, రెక్కల చివర ఎవరో కుంచెతో అద్దినట్టు గులాబీ. ఇళ్ల నడుమ, మనుషుల తలల మీదే పుల్లలు పేర్చి గూళ్లు కడతాయి. గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచి, ఆగస్టు నాటికి పిల్లలతో సహా వెళ్లిపోతాయి.

కొంగలు వచ్చాయంటే వానలు బాగా పడతాయని ఊరి నమ్మకం. వాటి మీద రాయి విసిరితే ఊరు ఊరుకోదు. కింద రెట్టలు, చేపల వాసన, రాత్రంతా ముక్కుల టకటక. అన్నీ ఓర్చుకుంటారు. అటవీ చట్టాలు ఆ చెట్ల దాకా రాకముందే ఊరి కట్టుబాటు వాటిని కాపాడింది.

ఇన్నేళ్ల ప్రేమకు ఒక తప్పు చీటీ అతుక్కుంది. వీటిని ‘సైబీరియా కొంగలు’ అనడం అందరికీ అలవాటైపోయింది. అసలు సైబీరియా కొంగ వేరే పక్షి. తెల్లగా ఉంటుంది, ముఖం ఎర్రగా ఉంటుంది. చెట్టు మీద గూడు కట్టదు, దూరాన సైబీరియా చిత్తడి నేలల్లో పిల్లల్ని పెడుతుంది. చలికాలం గడపడానికే మన దేశానికి వచ్చేది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో 2002 తర్వాత అదీ కనిపించలేదు.

వీరాపురానికి వచ్చేది అచ్చంగా మన పక్షి. చెరువుల్లో నీళ్లున్న చోటికి తిరుగుతూ, గూడు కట్టే వేళకు అచ్చొచ్చిన చెట్టును వెతుక్కుంటుంది. మోకాలి లోతు నీళ్లలో ముక్కు తెరిచిపెట్టుకుని నడుస్తుంది. చేప తగిలిందా, ముక్కు టక్కున మూసుకుంటుంది. కన్ను కాదు, స్పర్శే దానికి వేట. అందుకే దానికి కావలసింది లోతు తక్కువ చెరువు. హిందూపురం చుట్టుపక్కలా, సరిహద్దు అవతల కర్ణాటకలోనూ ఉన్న పాత చెరువులే దాని వంటిల్లు. చెరువు ఎండిన ఏడు గూళ్లు తగ్గుతాయి.

ఏ చెట్టు మీద గుడ్డు పగిలిందో అదే పక్షికి పుట్టిల్లు. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డను విదేశీ అతిథి అనడం న్యాయమా? సైబీరియా పక్షి అనుకుంటే, వాటి బాగోగులు ఏ దూరదేశంలోనో తేలతాయనిపిస్తుంది. చిలమత్తూరు పక్షి అనుకుంటే, చెరువు పూడిక తీయాల్సింది మనమే, చింతచెట్టు నాటాల్సింది మనమే. చీటీ మారితే బాధ్యత కూడా మారుతుంది.

‘బంజరు’ అని రాసిన చోట

అన్నిటికంటే పెద్ద తప్పు చీటీ మాత్రం మన రెవెన్యూ రికార్డుల్లోనే ఉంది. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల దగ్గరే వాన ఆగిపోయే ఈ పీఠభూమిలో, సాగుకు రాని గుట్టలకీ గడ్డి బీళ్లకీ రాసిపెట్టిన పేరు ‘బంజరు’. పనికిరానిది అని అర్థం. పడమటి కనుమలు నైరుతి మేఘాలను ఆపేస్తాయి. ఈశాన్య రుతుపవనం ఇక్కడికి చేరేసరికి అలిసిపోతుంది. అలాంటి చోట దట్టమైన అడవి కోసం వెతికితే ఏం దొరుకుతుంది? ఇక్కడి అడవి గడ్డి రూపంలో, ముళ్లకంప రూపంలో ఉంటుంది.

ఉరవకొండ, విడపనకల్లు వైపు నల్లరేగడి చేలల్లో జింకలు మందలుగా కనిపిస్తాయి. మెలితిరిగిన కొమ్ముల కృష్ణజింక మన రాష్ట్ర జంతువు. విత్తనం మొలకెత్తగానే అవి చేలో పడితే, అప్పు చేసి విత్తనం కొన్న రైతు కడుపు మండుతుంది. ఆ మంట నిజమైనది. జింక బతకాల్సిన బీళ్లన్నీ చేలుగా మారాక అది చేలోకి రావడమూ నిజమే. గొర్రెల మందల వెంట నీడలా తిరిగే తోడేలు కథా ఇంతే. కాపరికి అది శత్రువు. అయినా తాతల కాలం నుంచి కాపరి కర్రా, కుక్కా, తోడేలూ ఒకే బీడులో బతుకుతున్నాయి.

చెన్నేకొత్తపల్లి దగ్గర ‘బంజరు’ చీటీని కొందరు చెరిపేశారు. సీకే గంగూలీ (బబ్లూ), మేరీ వట్టమట్టం దంపతులు 1990లో అక్కడ 32 ఎకరాల బీడు కొని టింబక్టూ కలెక్టివ్ అనే సంస్థను మొదలుపెట్టారు. కొద్దికాలానికే చుట్టుపక్కల ఊళ్ల వాళ్లతో కలిసి గుట్టల మీదికి వెళ్లారు. ముష్టికోవెల, కోగిర వంటి ఊళ్ల ఉమ్మడి భూముల్లో విత్తనాలు చల్లారు, నీరు నిలిచేలా చేశారు. అన్నిటికీ మించి ఎండాకాలం మంటలు పడకుండా కాపలా కాశారు. నిప్పు ఆగితే నేల తన పని తాను చేసుకుంటుంది. మోడుల్లో దాగిన వేళ్లు చిగురించాయి. బోదగడ్డి వచ్చింది, ఈతచెట్లు వచ్చాయి. అదే కల్పవల్లి. ఇప్పుడది వేల ఎకరాలు. తోడేలు, ఎలుగుబంటి, చిరుత అక్కడ తిరుగుతున్నాయి. ఈతాకుతో చాపలూ బుట్టలూ అల్లేవారికీ, గొర్రెల కాపరులకీ అదే బతుకుతెరువు.

కానీ రికార్డులో చీటీ మారలేదు. అందుకే ఆ గుట్టల తలలు చదును చేసి, రోడ్లు వేసి గాలిమరలు నిలబెట్టినప్పుడు, ఇది అడవి అని నిరూపించుకోవడం ఊరివాళ్ల వంతైంది. వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. గాలి కరెంటు అవసరమే. పనికిరానిది అని కాగితం మీద రాసి ఉంది కాబట్టి ఆ నేల మీద ఏం చేసినా చెల్లుతుందనుకోవడమే తప్పు.

దాచిపెట్టిన చేతులు

సరైన చీటీ రాసిన చోట్లూ మన దగ్గర ఉన్నాయి. పీఠభూమి దక్షిణపు అంచున, మదనపల్లె దగ్గర జిడ్డు కృష్ణమూర్తి నెలకొల్పిన రిషి వ్యాలీ బడి ఉంది. ఒకప్పటి బోడి కొండల మధ్య చెట్లు పెంచారు. 1991లో ఆ లోయను పక్షుల రక్షిత ప్రదేశంగా ప్రకటించుకున్నారు. పక్షుల్ని చూడటం అక్కడి పిల్లలకు పాఠంలో భాగం. ఆ లోయలో దొరికిన ఒక నేలబల్లికి 2016లో శాస్త్రవేత్తలు రిషి వ్యాలీ పేరే పెట్టారు. బడి కాపాడిన నేల బడి పేరును శాస్త్రంలో నిలబెట్టింది.

అనంతపురం నగరం పక్కనే శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఎండిన మొక్కల భాండాగారం ఉంది. ప్రొఫెసర్ టి. పుల్లయ్య, ఆయన శిష్యులు గుట్టలూ వంకలూ తిరిగి మొక్కలు తెచ్చారు, అదిమి, ఎండబెట్టి, అట్టలకు కుట్టి, చీటీలు రాశారు. ఆ శ్రమలోంచే 1989లో అనంతపురం జిల్లా వృక్షజాలం మీద పుస్తకం వచ్చింది. కదిరి వైపు కలసముద్రం అడవిలో కొన ఊపిరితో ఉన్న హిల్డెగార్డియా అనే అరుదైన చెట్టు మీద కూడా ఈ విశ్వవిద్యాలయం వాళ్లు పనిచేశారు. కరువు జిల్లాలో ఏ మొక్క ఎక్కడ బతికిందో చెప్పే ఆ అట్టలు, ఈ నేలకు జాతకం లాంటివి.

అనంతపురానికి ఒక ప్రకృతి ఇల్లు

సాలీడు లండన్‌లో, గుడ్డు అబర్డీన్‌లో, మొక్కలు విశ్వవిద్యాలయం బీరువాల్లో, కొంగలు వీరాపురంలో, తోడేలు కల్పవల్లిలో ఉన్నాయి. ఒక పిల్లవాడు ఒక్క పూటలో వీటన్నిటి కథా వినగలిగే చోటు మాత్రం లేదు. బతికున్న జంతువుల్ని చూడాలంటే 1987లో పెట్టిన తిరుపతి జూ దాకా వెళ్లాలి. అక్కడైనా పిల్లలు సింహం వైపే పరుగెత్తుతారు. ఈ పిల్లలకు కావలసింది సొంత చేను గట్టు మీది ప్రాణుల పరిచయం.

అనంతపురంలో ఒక ప్రకృతి కేంద్రం కట్టమని నేను అడుగుతున్నాను. పెద్ద భవనం అవసరం లేదు. ఒక గదిలో గుత్తి సాలీడు కథ ఉండాలి, బొమ్మతో, రైలు పటంతో. ఒక గదిలో కలివికోడి పిలుపు వినిపించాలి, దాని గుడ్డు నమూనా కనిపించాలి. విశ్వవిద్యాలయం మొక్కల అట్టల్లో కొన్ని అద్దం వెనక ఉండాలి. పక్కనే ఒక గడ్డిమడి, ఒక చిన్న చెరువు.

ప్రాణమున్న జంతువుల విషయంలో ఒక నియమం ఉండాలి. చూపించడానికి ఏ ప్రాణినీ అడవి నుంచి పట్టి తేకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, కేంద్ర జూ ప్రాధికార సంస్థ అనుమతులు ఉండనే ఉన్నాయి. మళ్లీ అడవికి పోలేని గాయపడిన జీవులు, దొంగ వ్యాపారుల చేతి నుంచి విడిపించిన జీవులు ఉంటే చాలు. మన ముళ్లపొదల్లో తిరిగే నక్షత్ర తాబేలు అలాంటిదే. వీపు మీది చుక్కల అందమే దానికి శాపమైంది. 2019లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ సమావేశం దాని వ్యాపారానికి గట్టి నిషేధం పెట్టింది. అదే సమావేశంలో గుత్తి సాలీడు జాతి వ్యాపారం మీద కూడా నియంత్రణ వచ్చింది. ఈ నేల బిడ్డలిద్దరి గురించి ప్రపంచ దేశాలు కూర్చుని మాట్లాడాయి. ఆ సంగతి మన పిల్లలకు చెప్పేవాళ్లు ఉండాలి.

చీటీలన్నీ ముందు తెలుగులో ఉండాలి. ఇది కొత్త కోరిక కాదు. విశాఖ తీరంలో పనిచేసిన ప్యాట్రిక్ రస్సెల్ 1796లో అచ్చువేయించిన పాముల పుస్తకంలో, ఇక్కడి జనం పిలిచే పేర్లే రాసుకున్నాడు. కట్లపాముల జాతికి శాస్త్రం పెట్టిన ‘బంగారస్’ అన్న పేరు మన ‘బంగారు’ నుంచి వచ్చిందే. శాస్త్రమే తెలుగు మాటను నెత్తిన పెట్టుకున్నాక, మన ప్రకృతి కేంద్రం తెలుగులో మాట్లాడటానికి అడ్డేముంది?

ఆ కేంద్రానికి తలుపులు తెరిచే రోజు కూడా నా మనసులో ఉంది. ఆరుద్ర కార్తె. తొలకరికి ఎర్రనేల తడిసి వాసనేసే వేళ, మట్టిలోంచి ముఖమల్ గుండీల్లాంటి ఎర్రని ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. అవే వానలకు చేలల్లో గొంగళిపురుగు రెక్కల పురుగై లేస్తుంది, వజ్రకరూరు వైపు జనం వజ్రాలు వెతుక్కుంటూ చేలల్లోకి దిగుతారు. ఆ పూట బడిపిల్లల్ని తీసుకెళ్లి, ఆరుద్ర పురుగును అరచేతిలో నడిపించి, ఉన్నచోటనే వదిలిపెట్టించాలి. తర్వాత ఒక్కొక్కరికీ ఒక చీటీ ఇచ్చి, చూసింది రాయమనాలి.

గుత్తి యార్డులో దొరికిన సాలీడుకు, ఆ కట్టెలు ఏ అడవివో అప్పుడే ఎవరైనా అడిగి రాసి ఉంటే నూరేళ్లు వెతకాల్సిన పని ఉండేది కాదు. రాసేది మన పిల్లలైతే, అడగాల్సింది ఎవరినో వాళ్లకు తెలుసు. ఇంట్లో తాత ఉన్నాడు, గుట్ట మీద కాపరి ఉన్నాడు.

మీ చీటీ మీరే రాయండి

ఇంట్లో ఒక పాత నోటు పుస్తకం తీయండి. ఏ ప్రాణిని చూసినా ఈ అయిదూ రాయండి.

పేరు: మీ ఊళ్లో ఏమంటారో అదే రాయండి. తెలియకపోతే రంగు, సైజు రాయండి.

ఊరు: ఊరు, మండలం, దగ్గరి వంక లేదా గుట్ట పేరు.

తేదీ: రోజుతో పాటు కార్తె కూడా.

ఎక్కడ: చేను, చెరువు, బీడు, చెట్టు. చెట్టయితే ఏ చెట్టు?

ఎవరు చూశారు: మీ పేరు. మీకు చూపించిన వాళ్ల పేరు కూడా.